ఓలే రోమర్ జీవితము

సెలవు దినములలో మన బాలురు చదువు వింత నవలలలో కాంతికంటె వేగముగా పోవు ఆకాశనౌకలు తఱచుగా కానవచ్చును. గ్రంథము పేరును, గ్రంథకర్త పేరును కొన్నాళ్లకు మఱపునకు వచ్చినను, ఒక్క రాత్రిలో ఒక నక్షత్రమునుండి మఱియొక నక్షత్రమునకు దాటిన నౌక మాత్రము మనస్సున నిలిచియుండును. కాంతిని మించిపోవుట సాధ్యమా యని విచారించుటకు ముందు, కాంతికి సహితము కొంత వేగమే కలదని మొదట నిరూపించిన మహనీయుని చరిత్రము మనము తెలిసికొనవలెను.

ఓలే రోమర్ 1644 సెప్టెంబరు 25వ తేదీన డెన్మార్కు దేశమందలి ఆర్హస్ పట్టణమున ఒక వర్తకుని యింట జన్మించెను. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున బార్తోలిన్ పండితునివద్ద గణితమును, ఖగోళశాస్త్రమును అభ్యసించెను. 1671లో ఫ్రాన్సునుండి వచ్చిన పికార్డ్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞునికి సహాయుడై, అతని మన్ననను పొంది, 1672లో అతనితో పారిస్ నగరమునకు వెళ్లెను. అచ్చట రాజకుమారునికి ఉపాధ్యాయుడుగా నుండి, వేధశాలలో గ్రహములను పరిశీలించుచుండెను.

ఆ కాలమున కాంతి క్షణమైనను పట్టక ఎంతదూరమైనను వ్యాపించునని పెక్కుమంది పండితులు నమ్మియుండిరి. బృహస్పతికి గల చంద్రులలో అయో యనునది సుమారు 42½ గంటల కొకసారి ఆ గ్రహము నీడలో మునిగి తేలుచుండును. భూమి బృహస్పతికి దూరమగుచున్న మాసములలో ఈ గ్రహణములు లెక్కకంటె ఆలస్యముగను, సమీపించుచున్న మాసములలో ముందుగను కనబడుట రోమర్ గమనించెను.

దీనినొక దృష్టాంతముచే గ్రహింపవచ్చును. రెడ్డిగూడెమునుండి నూజివీటికి ఒక మామిడికాయల బండి పోవుచున్నదనుకొనుడు. తోట యజమాని సరిగా గంటకొకని చొప్పున మనుష్యులను దాని వెనుక పంపుచుండెను. బండి ముందుకు సాగుచుండుటచేత ప్రతివాడును తన ముందువానికంటె ఎక్కువదూరము నడువవలసివచ్చును. కనుక వారు బండివానిని గంటకొకరుగా గాక, అంతకంటె ఆలస్యముగా కలిసికొందురు. యజమాని గడియారము తప్పుట లేదు, దారి పెరుగుచున్నది. అయో గ్రహణవార్తను తెచ్చు కాంతియు నట్టిదే యని రోమర్ నిశ్చయించెను.

1676లో ఆయన ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట, రానున్న నవంబరు గ్రహణము లెక్కకంటె పది నిమిషములు ఆలస్యముగా కనబడునని ముందుగానే ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు సుమారు 32 సంవత్సరములు. వేధశాలలో పెద్దయగు కసీనీ ఈ మతమును అంగీకరింపలేదు. గడియారము మఱియొక విధముగా చెప్పినచో ఆ యువకుడు పండితులయెదుట నవ్వులపాలగువాడే. కాని గ్రహణము ఆయన చెప్పినట్లే ఆలస్యముగా వచ్చెను. భూకక్ష్య వ్యాసమును దాటుటకు కాంతికి 22 నిమిషములు పట్టునని ఆయన గణించెను. నేటి లెక్కకది సుమారు 16 నిమిషముల 40 సెకండ్లు. హైగెన్స్, న్యూటన్ వంటివారు సమ్మతించినను కసీనీ సమ్మతింపలేదు.

రోమర్ వాదములతో కాలము గడుపలేదు. 1681లో స్వదేశమునకు మరలి, 1683లో దేశమంతటికి ఒకేవిధమైన తూనికలు, కొలతలు ఏర్పరచెను. 1700లో నూతన పంచాంగమును ప్రవేశపెట్టించెను. కోపెన్‌హేగన్ వీథులలో నూనెదీపములు పెట్టించెను. 1705లో ఆ నగర పోలీసు అధికారియు నయ్యెను. 1710 సెప్టెంబరు 19న మరణించెను. 1728లో నగరమును దహించిన అగ్నిలో ఆయన పరిశీలనలు దాదాపన్నియు నశింపగా, మూడు రాత్రులవి మాత్రము ముఖ్యముగా మిగిలినవి. మఱుసటియేటనే ఆంగ్లేయుడగు బ్రాడ్లీ నక్షత్రములనుబట్టి వేఱొక మార్గమున కాంతివేగమును స్థాపించెను. తన మాట నిలిచినదని వినుటకు రోమర్ జీవించియుండలేదు.

ఈ వేగమును మైళ్లలో చెప్పుటకు సూర్యుని దూరము తెలియవలెను. ఆ దూరమును సాధించుటకై 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పలుదేశములవారు పరిశీలింపగా, వారిలో మన విశాఖపట్టణమునకు చెందిన అంకితం వెంకట నరసింగరావుగారును ఒకరు. నేడు కాంతివేగము సెకండుకు 2,99,792 కిలోమీటర్లని తెలియును. అనగా సుమారు 1,86,000 మైళ్లు. ఏ వస్తువునైనను ఆ వేగమునకు చేర్చుటకు అంతులేని శక్తి కావలెనని 1905లో ఐన్‌స్టయిను సిద్ధాంతము తేల్చెను. 2011లో ఇటలీ దేశమున న్యూట్రినోలను కణములు కాంతికంటె సెకండులో వందకోట్లవ వంతులు అఱువది ముందుగా వచ్చినట్లు తోచెను. ఆ శాస్త్రజ్ఞులు తొందరపడక మరల శోధింపగా, సరిగా బిగింపని ఒక తీగయే ముఖ్యకారణమని 2012లో బయటపడెను.

విద్యార్థులారా! పది నిమిషముల ఆలస్యమును ఉపేక్షింపనివాడు విశ్వరహస్యమునొకదానిని కనుగొనెను. నవలలలోని నౌకలను చూచి ఆనందింపుడు. గడియారమును, లెక్కను మాత్రము విడువకుడు.