అపరిగ్రహవ్రతి ఆంథొనీ గ్రోవ్స్

పశ్చిమగోదావరి మండలమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో ఒక చిన్న క్రైస్తవశాఖవారి ప్రార్థనామందిరములు నేటికిని గలవు. ఆదివారమునాడు అచ్చట చేరువారికి అభిషిక్తుడైన పురోహితుడు లేడు. వ్రాసియుంచిన ఆరాధనావిధి లేదు. ఒక బల్లపై రొట్టెయు ద్రాక్షారసమును ఉంచుకొని అందఱును కూర్చుందురు. స్త్రీలు ముసుగు వేసికొని మౌనముగ నుందురు. పురుషులలో ఎవరికి అంతఃప్రేరణ కలుగునో వారు లేచి ప్రార్థింతురు, గ్రంథము చదువుదురు, లేక కీర్తన నెత్తుకొందురు. పిమ్మట రొట్టెను విఱిచి పంచుకొందురు. యుక్తవయస్సు వచ్చి విశ్వాసమును తామై ప్రకటించినవారికే నీటిలో ముంచి బాప్తిస్మమిత్తురు. బోధకునికి నెలజీతము నేర్పరచుట వీరి ఆదిసంప్రదాయము కాదు. వీరు తమ శాఖకు పేరు సయితము పెట్టుకొనలేదు. తాము సహోదరులమని మాత్రము చెప్పుకొనగా, లోకము వారిని బ్రదరెన్ అని పిలిచినది.

ఈ యాచారములు గోదావరీతీరమునకు వచ్చుటకు ముఖ్యకారకుడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అను ఆంగ్లేయుడు. ఆయన మతాచార్యుడు కాడు, దంతవైద్యుడు. ఉన్నదంతయు విడిచి, రేపటికని దాచుకొనక, ఈశ్వరునిపై భారము వైచి జీవింపవలెనని సంకల్పించిన గృహస్థు. ఆ సంకల్పము ఆయనను ఎచ్చటెచ్చటికి గొనిపోయెనో, ఎచ్చట పరీక్షించెనో తెలిసికొనుట సాధకులకు ప్రయోజనకరము.

గ్రోవ్స్ 1795వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లండులోని హాంప్‌షైరు ప్రాంతమున జన్మించెను. లండనులో ఒక బంధువునొద్ద దంతవైద్యము నభ్యసించి, పందొమ్మిదేండ్లకే ప్లిమత్ నగరమున స్వయముగ వృత్తి నారంభించెను. 1816లో ఆ బంధువు కుమార్తెయగు మేరీని పెండ్లియాడి, తరువాత ఎక్సిటర్ నగరమున స్థిరపడెను. అచ్చట వృత్తి బాగుగ సాగి, ఏటికి సుమారు 1,500 పౌనుల రాబడి వచ్చుచుండెను. ఆ కాలమున అది సంపన్నులకు తగిన రాబడి.

దూరదేశములకు బోయి క్రీస్తుబోధ చేయవలెనను కోరిక గ్రోవ్సునకు యౌవనమునుండియు గలదు. మేరీ దాని నంగీకరింపలేదు. ఆయన ఆమెను నిర్బంధింపలేదు. కోరికను మనసులోనే అణచుకొని వేచియుండెను. దంపతులు మొదట రాబడిలో పదవవంతును, పిమ్మట నాలుగవవంతును దానమునకై కేటాయించిరి. ఆ ధనమును పంచుటకై మేరీ ఎక్సిటరులోని పేదల యిండ్లకు బోవుచుండెను. ఆ గృహములలోని దైన్యమును, ఆ దైన్యమునందును చెదరని భక్తిని జూచిన కొలదియు ఆమె హృదయము మెత్తబడెను. తుదకు ఆమెయే భర్త సంకల్పమునకు తోడునీడ యయ్యెను. తమ యావశ్యకతలకు మించినదంతయు ఇచ్చివేయుటకు ఇరువురును నిశ్చయించుకొనిరి. 1825లో గ్రోవ్స్ ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. భూమిపై ధనమును కూడబెట్టుకొనవలదను క్రీస్తు ఆజ్ఞ అలంకారముగ చెప్పినది కాదు, అక్షరాల ఆచరింపవలసినది అనుటయే దాని సారము. ఆచరించిన పిమ్మట వ్రాసినవాడు గనుక ఆ చిన్న పుస్తకమునకు బలము కలిగెను.

మతప్రచారసంఘమున చేరుటకు గురుపట్టము అవసరమని తలంచి ఆయన డబ్లిన్ నగరములోని ట్రినిటీ కళాశాలలో విద్యార్థిగ నమోదుచేసికొనెను. ఎక్సిటరులోనే చదువుకొనుచు పరీక్షలకు మాత్రము డబ్లిన్ పోయి వచ్చుచుండెను. అచ్చట బెలెట్, డార్బీ మున్నగువారి సాంగత్యము లభించినది. వారు వేర్వేరు సంఘములలో నున్నను ఒకే గ్రంథమును చదివి ఒకే ప్రభువును ధ్యానించెడివారు. అట్టివారు కలిసి రొట్టె విఱుచుకొనుటకు ఒక పురోహితుని యనుమతి యేల? 1827 ప్రాంతమున గ్రోవ్స్ ఈ ప్రశ్నను మిత్రుల యెదుట నుంచెను. బ్రదరెన్ ఉద్యమమునకు బీజములలో ఇది ముఖ్యమైనది.

ఆ సంవత్సరమే ఒక చిన్న సంఘటన జరిగెను. గ్రోవ్స్ ఇంట రెండు పొట్లములలో సొమ్ముండెను. డబ్లిన్ ప్రయాణమునకై ఒకదానిలో నలువది పౌనులు, పన్ను చెల్లించుటకై రెండవదానిలో పదునాఱు పౌనులు. దొంగలు వచ్చి ప్రయాణపు సొమ్మును మాత్రము గొనిపోయిరి. ఇతరులు దీనిని దురదృష్ట మందురు. ఆయన దీనియందు ఈశ్వరాజ్ఞను జూచి పట్టపుచదువును మానుకొనెను. పట్టము లేకయే పోవుదునని సంఘమునకు తెలుపగా, బోధ చేయవచ్చును గాని ప్రభురాత్రిభోజన సంస్కారమును జరుపరాదని సమాధానము వచ్చెను. ఇది ఆయనను కొంతకాలము బాధించినది. పిమ్మట, భగవద్విషయమును చెప్పుటకు మనుష్యుల ముద్ర అవసరము లేదను నిశ్చయము దృఢపడగా, ఏ సంఘపు ఆశ్రయమును, జీతమును లేకయే బయలుదేరెను.

1829 జూనులో భార్యతోను, ఇరువురు కుమారులతోను, కొలదిమంది సహచరులతోను ఓడనెక్కి, రష్యా, కాకసస్, పారశీకదేశముల మీదుగ ఆఱునెలలు ప్రయాణము చేసి డిసెంబరులో బాగ్దాదు చేరెను. సహచరులలో జాన్ కిట్టో అను చెవిటి యువకుడు గలడు. అతడు తరువాత బైబిలు పండితుడుగ ప్రసిద్ధికెక్కెను. గ్రోవ్స్ బాగ్దాదులో పాఠశాల నెలకొల్పి, రోగులకు వైద్యము చేయుచుండెను.

1831 వసంతమున నగరమున మహామారి ప్రబలెను. ప్రజలు వేలకొలదిగ మరణించిరి. పారిపోవ వీలున్నను గ్రోవ్స్ కుటుంబము నిలిచియే యుండెను. అంతలో టైగ్రిస్ నది పొంగి, కోటగోడ కూలి, వేలాది యిండ్లు నేలమట్టమయ్యెను. ఉపద్రవము ముగియవచ్చుచున్నదని ఆశ కలిగిన సమయముననే మేరీ వ్యాధిగ్రస్తురాలై మే 14వ తేదీన కన్నుమూసెను. ఏ స్త్రీ సమ్మతికై ఏండ్ల తరబడి వేచియుండెనో, ఏ స్త్రీ సమ్మతించి ఇంతదూరము వెంట వచ్చెనో, ఆమె పోయినది. కొన్ని నెలలకు పసిబిడ్డయు ఆమె ననుసరించెను. యోగక్షేమములను ఈశ్వరుడే వహించునని నమ్మినవానికి ఇంతకంటె తీవ్రమైన పరీక్ష యుండదు. గ్రోవ్స్ దుఃఖించెను, ఈశ్వరుని మార్గము తనకు అగోచరమని ఒప్పుకొనెను, వ్రతమును మాత్రము విడువలేదు.

1833లో ఆర్థర్ కాటన్ బాగ్దాదు మీదుగ భారతదేశమునకు తిరిగివచ్చుచుండెను. తరువాతి కాలమున ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించి గోదావరి మండలమునకు ప్రాతఃస్మరణీయుడైన కాటనే ఆయన. గ్రోవ్స్ ఆయనతో గూడి ఈ దేశమునకు వచ్చి, బొంబాయినుండి తిరునల్వేలివఱకును, సింహళమునను, పిమ్మట కలకత్తావఱకును సంచరించెను. బోధకులు సంఘములుగ చీలియుండుటయు, దేశీయబోధకులు విదేశీయులకు జీతగాండ్రుగ నుండుటయు ఆయనకు సరిపడలేదు. తిరునల్వేలి ప్రాంతపువాడగు అరుళప్పన్ అను తమిళయువకుడు ఈ భావమునకు ఆకర్షితుడై, జీతము నాశింపక గ్రామగ్రామము తిరిగి బోధించెను. తరువాత అతడు స్థాపించిన గ్రామము క్రిస్టియన్‌పేట యని పేరొందెను.

సహాయకులకై గ్రోవ్స్ 1834లో స్వదేశమునకు బోయి, మరుసటి సంవత్సరము హారియట్ అను నామెను వివాహమాడి, 1836లో మరల మద్రాసు చేరెను. వెంటవచ్చినవారిలో హెర్మన్ గుండర్ట్ తరువాత మలయాళ నిఘంటుకర్తగ కీర్తి గాంచెను. బార్న్‌స్టేపుల్ అను చిన్నయూరినుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనువారు చేతిపనులు చేసికొని బ్రతికిన సామాన్యులు. వారిరువురును భార్యలతో బందరు మీదుగ నరసాపురము చేరి, తెలుగు నేర్చి, సంతలలోను తీర్థములలోను తిరిగి బోధించిరి. ఆనకట్టపని సాగు దినములలో ధవళేశ్వరమున చేరిన కూలీల మధ్యను పనిచేసిరి. జీతమిచ్చు సంఘము వారికి లేదు. సొమ్ము వచ్చిన దినమున తినిరి, రానిదినమున ప్రార్థించిరి. గోదావరి బ్రదరెన్ సంఘముల చరిత్ర వీరితోనే మొదలైనది.

గ్రోవ్స్ స్వయముగ చిత్తూరున స్థిరపడెను. బోధకుడు ఎవరికిని భారము గారాదనియు, స్వహస్తములతో నార్జించుకొని సేవచేయవలెననియు ఆయన తలంచెను. పాలు డేరాలు కుట్టి జీవించిన కథ ఆయనకు ఆదర్శము. తనతో చేరినవారికి పనియు దొరకునని వ్యవసాయమును, పట్టుపురుగుల పెంపకమును ఆరంభించెను. ఉద్దేశము నిర్మలమే, కాని పెట్టుబడికై అప్పు చేయవలసివచ్చెను. పంట తప్పెను, వడ్డీ పెరిగెను. ఎక్సిటరులో సంపదను తృణముగ విడిచినవాడు చిత్తూరులో ఋణమునకు కట్టుబడి సంవత్సరములు గడపెను. ద్వారమున వెడలగొట్టిన ధనచింత కిటికీనుండి మరల ప్రవేశించినది. ఇది తన పొరపాటే యని ఆయన దాచక ఒప్పుకొని పరితపించెను. త్యాగము ఒకనాడు చేసి ముగించునది కాదు. సేవ అను పేరున సయితము లోకవ్యాపారము సాధకుని చుట్టుకొనగలదు.

రెండవ పరీక్ష ఇంతకంటె సూక్ష్మమైనది. భేదములను విడిచి కలిసిన సహోదరులు క్రమముగ తమ సిద్ధాంతమే గీటురాయిగ ఇతరులను కొలువసాగిరి. 1836లోనే, ఓడ యెక్కుటకు ముందు, గ్రోవ్స్ డార్బీకి జాబు వ్రాసి హెచ్చరించెను. కూడుటకు ప్రాణసంబంధము చాలును, జ్ఞానములో ఏకత్వము కావలెనన్నచో చీలికలు తప్పవని దాని భావము. పండ్రెండేండ్లకు అదియే జరిగినది. 1848లో ఒక బోధకుని సిద్ధాంతదోషము కారణముగ, అతనితో సంబంధమున్నవారిని చేర్చుకొన్న సంఘమును గూడ వెలివేయవలెనని డార్బీ పక్షము పట్టుబట్టగా, ఉద్యమము రెండుగ చీలెను. శాఖలు వలదని బయలుదేరినవారే శాఖలైరి. ఆ సంవత్సరము ఇంగ్లండున నున్న గ్రోవ్స్ ఈ కలహమును కన్నులార జూచి, వెలివేయ నిరాకరించిన బ్రిస్టల్ సంఘము పక్షమున నిలిచెను.

ఇచ్చట ఒక సత్యమును మఱుగుపఱుపరాదు. క్రైస్తవులలో ఇంత విశాలముగ భావించిన గ్రోవ్స్ ఇతరమతములను తరణోపాయములుగ అంగీకరింపలేదు. సర్వమతములును ఒకే గమ్యమునకు మార్గములను శ్రీరామకృష్ణుల అనుభవము ఆయన దృష్టికి అందినది కాదు. అయినను తన గోడలలో ఒకదానిని ఎవడు నిజాయితీతో కూలద్రోయునో వాని ప్రయత్నము వందనీయమే.

1852లో రోగపీడితుడై గ్రోవ్స్ ఇంగ్లండునకు మరలెను. 1853 మే 20వ తేదీన బ్రిస్టల్ నగరమున తన చెల్లెలి భర్తయగు జార్జి ముల్లరు గృహమున దేహము చాలించెను. చూడబోయిన ఆయన చేపట్టిన పనులలో చాలభాగము విఫలమయ్యెను. బాగ్దాదున నిలిచిన సంఘము లేదు. చిత్తూరున మిగిలినది అప్పు. కాని గ్రోవ్స్ త్యాగకథను విని ప్రభావితుడైన ముల్లరు తన జీతమును వదలుకొని, ఎవరిని యాచింపక, జీవితకాలమున పదివేలకు పైబడిన అనాథబాలురను పోషించెను. 1865లో చీనాదేశపు మిషనును స్థాపించిన హడ్సన్ టేలరును ఈ మార్గమునే అనుసరించెను. ఎచ్చట తాను దున్నెనో అచ్చట పంట గానలేదు. ఇతరుల పొలమున మాత్రము విత్తనము మొలచినది.

అపరిగ్రహము మన శాస్త్రములకు కొత్త గాదు. ఆకాశవృత్తితో జీవించిన పరివ్రాజకులకు ఈ భూమియే పుట్టినిల్లు. ధనమునందు నాది యను బుద్ధిని విడుచుట కష్టము. నా మతము, నా సంఘము అను బుద్ధిని విడుచుట అంతకంటెను కష్టము. గ్రోవ్స్ మొదటిదానిని జయించి, రెండవదానితో తుదివఱకు పోరాడెను. నరసాపురము ప్రాంతమున ఆదివారము బల్లపైనుండు ఆ రొట్టె ఎవరి ముద్రయు లేనిది. విఱిచి పంచుకొనుటకే యున్నది. ఎంతమందికి పంచవలెనను ప్రశ్నను మాత్రము ప్రతి తరమును తనకు తానే వేసికొనవలసియున్నది. అది ఆ శాఖవారికి మాత్రమే గాదు, మనకును వర్తించును.