సర్ దొరాబ్జీ టాటా: క్రీడాసంఘ నిర్మాత

ఒక ధనికుడు తన సొమ్ముతో నొక సత్కార్యము జరుపుట లోకమున అరుదు కాదు. తాను తొలగిన పిమ్మటను ఆ కార్యము నిలిచియుండునట్లు సంఘమును నిర్మించుట మాత్రము మిక్కిలి అరుదు. దాత సంచి యెంత పెద్దదైనను ఎప్పుడో యొకప్పుడు అడుగంటును. పదిమంది పూనికతో నడచు సంఘము తరతరములు నిలుచును. ఈ భేదము నెఱిగి, భారతదేశమున క్రీడలకు స్థిరమైన వ్యవస్థ నేర్పరచిన వారిలో సర్ దొరాబ్జీ టాటాగారు అగ్రగణ్యులు. ఇనుము, విద్యుచ్ఛక్తి, విజ్ఞానశాలలు అనగానే వారి వంశనామము స్మరణకు వచ్చును. క్రీడాసంఘములకు వారు చేసిన సేవ మాత్రము అంతగా ప్రచారమున లేదు.

దొరాబ్జీగారు 1859వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన బొంబాయి నగరమున జన్మించిరి. జమ్‌షెడ్జీ టాటాగారికి వీరు జ్యేష్ఠపుత్రులు. 1877లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బ్రవేశించి రెండేండ్లు చదివిరి. అచ్చట క్రికెట్టునందును, ఫుట్‌బాలునందును మంచి ఆటగాడని పేరొందిరి. 1879లో స్వదేశమునకు మరలి, 1882లో బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలలో పట్టమును బొందిరి. కొంతకాలము పత్రికారచన సాగించి, 1884లో తండ్రిగారి వ్యాపారమున జేరిరి.

సీమలో చవిచూచిన క్రీడానందము తమ నగరమందలి బాలురకును లభింపవలెనని వారి కోరిక. అందులకై బొంబాయిలోని అనేక పాఠశాలలను గూర్చి ఉన్నత పాఠశాలల క్రీడాసంఘము నేర్పరచుటకు దోడ్పడి, దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిరి. మొదట క్రికెట్టు పోటీలును, పిమ్మట పరుగులు, దూకుడులు మున్నగు పోటీలును జరిగెను. ఒక్కొక్క పాఠశాల తనకు దోచిన రీతిని ఆడుకొన్నంతకాలము అది వినోదము మాత్రమే. అందఱకు నొకే నియమావళి, ముందుగా నిర్ణయించిన దినము, పక్షపాతము లేని తీర్పరి, వ్రాసియుంచిన ఫలితము కుదిరిననాడే అది పోటీ యనిపించుకొనును. దొరాబ్జీగారు తరువాత దేశమంతట నాటిన విత్తనము ఈ చిన్న సంఘమందే మొలకెత్తినది.

1904లో జమ్‌షెడ్జీగారు స్వర్గస్థులైరి. తండ్రి తలపెట్టిన మహాకార్యములు కుమారుని భుజములపై బడెను. 1907లో ఉక్కు కంపెనీ స్థాపితమయ్యెను. 1910లో ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసగెను. ఇట్టి భారములనడుమను వారు క్రీడలను మఱువలేదు.

1919లో పూనాయందు దక్కన్ జింఖానావారు పోటీలు జరిపిరి. దొరాబ్జీగారు ఆ సంస్థకు అధ్యక్షులు. పల్లెలనుండి వచ్చిన యువకులు కొందఱు వట్టి పాదములతో మట్టిబాటపై బరుగెత్తిరి. అంతర్జాతీయ నియమములు వారికి దెలియవు. తగిన శిక్షణయు లేదు. ఐనను వారి వేగము పాశ్చాత్యుల వేగమునకు మిక్కిలి దూరమున లేదని దొరాబ్జీగారు గ్రహించిరి. బొంబాయి గవర్నరుతో సంప్రదించి, ఆయన సాయమున ఒలింపిక్ క్రీడలలో భారతీయులు పాల్గొనుటకు అనుమతి సంపాదించిరి. చందాలు చాలినన్ని రాలేదు. తమ సొంత సొమ్మును వినియోగించిరి. 1920లో ఆంట్వెర్ప్ నగరమునకు ఒక చిన్న జట్టు తరలిపోయెను. మారథాన్ పరుగున ఫడేప్ప చౌగులే పందొమ్మిదవవాడుగా వచ్చెను. కుస్తీలో రణధీర్ షిండే నాలుగవ స్థానము నందెను. పతకములు రాలేదు, దారి మాత్రము తెరువబడెను.

అప్పుడే అసలు చిక్కు తలయెత్తెను. ప్రతి నాలుగేండ్లకు నొక దాతను వెదకి, ఒక యూరి పోటీలనుండి యిద్దరు ముగ్గురిని ఏరి పంపుట యెంతకాలము సాగును? మద్రాసునందో పంజాబునందో యింకను మేలైన వీరుడున్నచో వాని నెవరు గుర్తింతురు? ప్రతి రాష్ట్రమందును సంఘముండవలెను. అది తన పోటీలు జరిపి గెలిచినవారిని పైకి పంపవలెను. ఈ పనికి వై. ఎం. సి. ఏ. శిక్షకులు డాక్టర్ నోరెన్‌గారును, 1920లో మద్రాసునందు వ్యాయామ శిక్షణాలయమును స్థాపించిన హెచ్. సి. బక్‌గారును పూనుకొనిరి. వారు దేశమున సంచరించి రాష్ట్ర సంఘముల స్థాపనకు దోడ్పడిరి. 1924లో దేశవ్యాప్తముగా పోటీలు జరుపబడెను. ఎన్నికైనవారు బక్‌గారి నిర్వహణమున పారిస్ నగరమునకు బోయిరి.

ఆ 1924వ సంవత్సరమే దొరాబ్జీగారికి గొప్ప అగ్నిపరీక్ష. ఉక్కు కంపెనీ కష్టదశలో నుండెను. వారు తమ సొంత ఆస్తిని, భార్య మెహర్‌బాయిగారి జూబిలీ వజ్రముతోసహా, ఇంపీరియల్ బ్యాంకునందు కుదువబెట్టి కోటి రూపాయల ఋణము దెచ్చిరి. కంపెనీ నిలిచెను. క్రీడల భారమంతయు వారి యొక్కరి సంచిపైననే యుండినచో ఆ యేడు అది యేమైయుండెడిదో యోజింపవలసిన విషయము.

1927లో భారత ఒలింపిక్ సంఘము స్థాపితమయ్యెను. దొరాబ్జీగారు ప్రథమాధ్యక్షులు, నోరెన్‌గారు కార్యదర్శి. మఱుసటి యేడే దొరాబ్జీగారు పదవిని విడిచిరి. పాటియాలా మహారాజు భూపీందర్ సింగుగారు అధ్యక్షులైరి. తాము కట్టిన యింట తామే కలకాలము పెద్దఱికము నెఱపవలెనను కాంక్ష వారికి లేదు. ఆ 1928లోనే ఆమ్‌స్టర్‌డాము నగరమున భారత హాకీ జట్టు స్వర్ణపతకమును గెలిచెను. ఇతర క్రీడలును క్రమముగా వ్యవస్థను సంతరించుకొనెను. వై. ఎం. సి. ఏ. వారు మన దేశమునకు దెచ్చిన బాస్కెట్‌బాల్ ఆటకు 1934లో న్యూఢిల్లీయందు జాతీయ పోటీలు జరిగెను. 1950లో దానికి ప్రత్యేక సమాఖ్య యేర్పడెను.

1931లో మెహర్‌బాయిగారు రక్తవ్యాధితో మరణించిరి. సంతానము లేని దొరాబ్జీగారు 1932లో తమ సర్వస్వమును ధర్మనిధికి ధారవోసి, ఆ యేడే జూన్ 3వ తేదీన జర్మనీ దేశమున కీర్తిశేషులైరి. ఆ నిధితోనే 1941లో బొంబాయియందు పుట్టకుఱుపు రోగులకై టాటా స్మారక వైద్యశాల వెలసెను.

సంఘము చిన్నదైనను పెద్దదైనను దాని ప్రాణము మూడింట నున్నది: అందఱకు సమానమైన నియమము, తప్పులేని లెక్క, తరువాతివారికి చోటిచ్చు మనస్సు. మొదటి రెండును పలువురియందు గాననగును. మూడవది దొరాబ్జీగారి వంటి ఉదారులకే సహజము. వారి సంఘము వారి యనంతరమును నిలిచియుండుటకు కారణమిదియే.