ఓషధుల అన్వేషకుడు ఇబ్నుల్ బైతార్

బొల్లి మచ్చ కనిపించిన ఆడపిల్లకు పెండ్లి కుదరడం మా హుస్నాబాద్ వైపు నేటికీ కష్టమే. అది అంటువ్యాధి కాదు, కుష్ఠు అంతకన్నా కాదు. నల్లని మేనిపై తెల్లమచ్చ కొట్టవచ్చినట్లు కనబడటమే దాని నేరం. ఆ మచ్చకు ఎండతో చేసే చికిత్సను దాదాపు 800 ఏండ్ల క్రితం గ్రంథస్థం చేసిన ఇబ్నుల్ బైతార్‌ను ఇక్కడ స్మరిస్తున్నాము.

ఆయన 12వ శతాబ్ది చివర స్పెయిన్‌లోని మాలగా ప్రాంతంలో జన్మించారు. బైతార్ అనగా పశువైద్యుడు. ఇంటి వృత్తి పేరులోనే ఉన్నది. సెవిల్లెలో అబుల్ అబ్బాస్ అన్నబాతీ అనే గురువు వెంట తిరిగి మొక్కలను గుర్తుపట్టడం నేర్చారు. సుమారు 1219లో ఇల్లు విడిచి, ఉత్తర ఆఫ్రికా తీరం వెంబడి తూర్పునకు సాగి, ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ కొలువులో మూలికావేత్తలకు ప్రధానుడయ్యారు. డమాస్కస్‌లో ఆయనతో మొక్కల కోసం ఊరి వెలుపల తిరిగిన శిష్యుడు ఇబ్న్ అబీ ఉసైబియా. గురువును గూర్చి నేడు తెలిసినదానిలో చాలా భాగం ఆ శిష్యుని చలువే.

సుమారు 1400 ద్రవ్యాలను అక్షరక్రమంలో వివరించిన ఆయన బృహద్గ్రంథంలో ఆత్రిలాల్ అనే మొక్క వృత్తాంతం మమ్ములను మిక్కిలి ఆకర్షించింది. అది ఒక బెర్బెర్ తెగవారు రహస్యంగా దాచుకొన్న మందు. గింజల పొడిని తేనెతో ఇచ్చి, మచ్చలున్న భాగాన్ని ఎండకు పెట్టి కూర్చోబెట్టాలని ఆయన వ్రాశారు. మందు ఒక్కటే చాలదు, ఎండ ఒక్కటే చాలదు. ఎందుకో 20వ శతాబ్దిలో గాని తేలలేదు. 1940వ దశకంలో ఈజిప్టు శాస్త్రజ్ఞులు ఆ గింజల నుండి వేరుచేసిన పదార్థం అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడే పనిచేస్తుంది. అప్పుడు రోమాల మొదళ్ళలో మిగిలిన రంగుకణాలు మేల్కొని మచ్చలోనికి ప్రాకుతాయి. అందుకే మచ్చ నడుమ మొదట నల్లని చుక్కలు పొడసూపుతాయి.

మన బావంచాలలోనూ ఈ జాతి పదార్థమే ఉన్నది. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు పేరుపొందినదే. అయితే బావంచాల నూనె పూసుకొని మే నెల ఎండలో నిలబడితే బొబ్బలు లేస్తాయి; మోతాదు వైద్యుడే చెప్పాలి. మరొక మాట. కంటికి కనిపించే వెలుగు సైతం ముదురుచాయ చర్మాన్ని చాలాకాలం నిలిచేటట్లు నల్లబరుస్తుందనీ, తెల్లని చర్మంపై అట్లు జరగలేదనీ 2010లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపింది. పాశ్చాత్యుల చర్మాన్ని చూసి వ్రాసిన సూత్రాలన్నీ మనకు వర్తించవన్నమాట.

ఇబ్నుల్ బైతార్ 1248లో డమాస్కస్‌లో మరణించారు. ఆయన గ్రంథం 1874లో కైరోలోని బూలాఖ్ ముద్రణాలయంలో అచ్చయింది.