మంట ఆరాక మిగిలేది: డాక్టర్ ఎరిక్ లిండెమాన్

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుడి జీవితం రాయమని మిత్రులు అడిగారు. నేను ఇంజినీరును. ఫ్యాక్టరీల్లో అగ్నిప్రమాద నివారణ నా పనిలో భాగం. ఆ దారిలోనే డాక్టర్ ఎరిక్ లిండెమాన్ గురించి తెలుసుకున్నాను.

ఆయన 1900లో జర్మనీలోని విట్టెన్‌లో పుట్టారు. మనస్తత్వశాస్త్రం, వైద్యం రెండూ చదివి 1927లో అమెరికా వెళ్లారు. తర్వాత బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులయ్యారు. 1942 నవంబరు 28 రాత్రి ఆ ఊళ్లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. గుండ్రంగా తిరిగే తలుపు దగ్గర జనం ఇరుక్కుపోయారు. అలాంటి తలుపు పక్కన బయటికి తెరుచుకునే మామూలు తలుపులు ఉండి తీరాలన్న నియమం ఆ తర్వాతే వచ్చింది. మా ఇంజినీర్ల పాఠం అక్కడితో అయిపోతుంది.

లిండెమాన్ పని అక్కడ మొదలైంది. బతికి బయటపడినవాళ్లతో, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లతో ఆయన మాట్లాడారు. గొంతు పట్టేసినట్టుండటం, ఊపిరాడకపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, పోయినవాళ్లే కళ్లముందు మెదలడం, తప్పంతా తమదేనన్న బాధ చాలామందిలో ఒకేలా కనిపించాయి. భార్యను కాపాడలేకపోయానని కుమిలిపోయిన ఒక యువకుడు గాయాలు మానాక ప్రాణం తీసుకున్నాడు. ఈ ప్రమాద బాధితులతో పాటు ఇతర కారణాలతో ఆప్తులను కోల్పోయినవారిని కూడా కలిపి 101 మందిని పరిశీలించి, 1944లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. దిగమింగిన దుఃఖం ఎన్నాళ్లకైనా వేరే రూపంలో బయటపడుతుందని, నెలా నెలన్నరలో ఎనిమిది పదిసార్లు కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలామంది తేరుకుంటారని చెప్పారు. 1948లో వెల్లెస్లీ అనే ఊళ్లో, ఆసుపత్రి గోడల బయట, జనం మధ్యే మానసిక ఆరోగ్య కేంద్రం ప్రారంభించారు. చివరి రోజుల్లో క్యాన్సరుతో బాధపడుతూ కూడా, చావు దగ్గరపడిన మనిషి మనసెలా ఉంటుందో ఆసుపత్రి సిబ్బందికి వివరించారు. 1974లో కన్నుమూశారు.

ఆయన వ్యాసం వచ్చిన 1944లోనే, ఏప్రిల్ 14న, బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ రోజున దేశమంతా వారిని తలుచుకుంటుంది. బతికి తిరిగొచ్చినవాళ్లు మోసే బరువును కూడా తలుచుకోవాలి. లిండెమాన్ ముఖ్యంగా చూసింది బాధితులనే అయినా, ఆయన చెప్పినది మంటలార్పేవాళ్లకూ వర్తిస్తుంది.

ఎండాకాలంలో నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో గడ్డివాములో కొట్టాలో అంటుకుంటే, ఫైరింజన్ వెనక పరుగెత్తిన పిల్లలమే మనమంతా. దాని మీద వచ్చేవాళ్లకు భయం, దిగులు ఉండవనుకునేవాళ్లం. నాతో పనిచేసిన అగ్నిమాపక బృందంలో ఒకాయన ఉండేవారు. రబ్బరు కాలిన వాసన వస్తే ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. ఎందుకో ఎవరికీ చెప్పేవారు కాదు. లిండెమాన్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

మిత్రులకు, గురువులకు నా మనవి ఒకటే. వచ్చే ఏప్రిల్ 14న నంద్యాల, ఆళ్లగడ్డ అగ్నిమాపక సిబ్బందిని మన బడికి పిలుద్దాం. శాలువా కప్పి పంపేయకుండా, ఒక మానసిక వైద్యుడితో వాళ్లు తీరిగ్గా మాట్లాడుకునే ఏర్పాటు చేద్దాం. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ సిబ్బంది ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటాను.