బెంగ మీద పరిశోధన చేసిన డాక్టరు

ఈ నెల మన గోడపత్రికలో ఒక గొప్పవారి జీవితం రాయమని నన్ను అడిగారు. గాంధీగారి గురించీ, కొమురం భీం గురించీ మనవాళ్లు ఇంతకుముందే చక్కగా రాశారు. అందుకని నేను హాన్స్ సెల్యే అనే డాక్టరు గురించి రాస్తున్నాను. ఆయన పేరు నేను మొదటిసారి విన్నది సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో. ఎందుకు వినాల్సి వచ్చిందో చెప్తాను, నవ్వకండి.

పోయిన ఏడాది నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు బయాలజీ సారు నన్ను సైన్సు క్విజ్‌కి సికింద్రాబాద్ తీసుకుపోయారు. అంత పెద్ద హాలు, అంతమంది జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. నా వంతు వచ్చింది. 1897 ఆగస్టు 20న ఇదే ఊళ్లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన డాక్టరు ఎవరని అడిగారు. జ్వరాల ప్రాంతం వాళ్లం, ఆ జవాబు మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నాకు తెలుసు. కానీ నోరు ఎండిపోయింది, చేతులు చల్లబడ్డాయి, గుండె దడదడ కొట్టుకుంది, పేరు మాత్రం రాలేదు. గంట కొట్టేశారు. రోనాల్డ్ రాస్ అనే పేరు సాయంత్రం స్టేషను ఎదుట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే దానంతట అదే గుర్తొచ్చింది! నాకు ఏడుపొచ్చింది. నాకు బుర్ర లేదు, బడి మానేసి అమ్మతో మిర్చి ఏరడానికి పోతానని సారుకి చెప్పేశాను.

సారు తిట్టలేదు. కొత్తగూడెం పోయే రైలు రాత్రికి గానీ లేదు. ప్లాట్‌ఫారం మీద కూచోబెట్టి ఈ కథ చెప్పారు.

హాన్స్ సెల్యే 1907 జనవరి 26న వియన్నా నగరంలో పుట్టారు. తండ్రి సైన్యంలో డాక్టరు. సెల్యే కూడా డాక్టరు కావాలని ప్రాగ్ నగరంలో వైద్యం చదివారు. కొత్తగా రోగుల దగ్గరికి వెళ్లిన రోజుల్లో ఆయనకో సంగతి తట్టింది. ఒక్కొక్కరిది ఒక్కో జబ్బు. ప్రొఫెసరు ఏ గుర్తు ఏ జబ్బుదో విడదీసి చూపిస్తున్నారు. కానీ అందరిలోనూ కలిసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఎవరికీ ఆకలి లేదు, అందరికీ ఒళ్లు నొప్పులు, అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. ఇది ఏ జబ్బు అని ఆయన అనుకున్నారు. పుస్తకాల్లో దానికి పేరు లేదు. ఆ ప్రశ్న అలాగే మనసులో ఉండిపోయింది.

1929లో ఆయన డాక్టరయ్యారు. తర్వాత అమెరికా వెళ్లి, అక్కణ్ణించి 1932లో కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కొత్త హార్మోను కనిపెట్టాలని ఎలుకలకు ఒక రసం ఎక్కించేవారు. కోసి చూస్తే మూడు మార్పులు కనపడ్డాయి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఉబ్బాయి. రోగాలతో పోరాడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. కడుపులో పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని ఆయన సంబరపడ్డారు. అయితే అనుమానం తీర్చుకోవడానికి ఫార్మలిన్ ఎక్కించి చూస్తే అవే మూడు మార్పులు! ఫార్మలిన్ అంటే మన ల్యాబులో సీసాలో కప్పని నిలవ ఉంచే మందునీళ్లు. అంటే ఆయన కష్టమంతా నీళ్లపాలయింది.

ఇక్కడే నేను సారుని ఆపి, మరి ఆయన మానేశారా అని అడిగాను. మానలేదట. చాలా రోజులు దిగులుపడ్డారు గానీ, చదువుకునే రోజుల నాటి ఆ పాత ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. ఎలుకల్ని చలిలో ఉంచారు, అలిసిపోయేదాకా తిప్పారు, గాయం చేసి చూశారు. ఏం చేసినా అవే మూడు మార్పులు వచ్చాయి. కష్టం ఏదైనా శరీరం ఒక పద్ధతిలో ఎదురు నిలుస్తుందని ఆయనకి అర్థమయింది. 1936 జులై 4న నేచర్ అనే పత్రికలో ఒక చిన్న ఉత్తరంగా ఈ సంగతి రాశారు. అప్పటికి ఆయన వయసు 29. శరీరం మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, కష్టం ఎంతకీ పోకపోతే చివరికి అలిసిపోతుంది. దీనికి ఆయన తరవాత స్ట్రెస్ అని పేరు పెట్టారు. ఇంజనీర్లు ఇనుప కడ్డీల మీద పడే ఒత్తిడికి వాడే మాట అది.

మన పెద్దవాళ్లు బెంగ పెట్టుకుంటే మనిషి చిక్కిపోతాడని అంటారు కదా. నాకైతే ఆయన చెప్పింది అదేననిపించింది. పెద్దవాళ్లు మనిషిని చూసి చెప్పారు, ఆయన గ్రంథుల్ని తూచి చూపించారు.

1945లో ఆయన మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి మారి, అక్కడ పెద్ద పరిశోధనశాలను నడిపారు. ఒత్తిడి అంతా చెడ్డది కాదని, ఆటలో గెలవాలనే పట్టుదల లాంటిది మంచి చేస్తుందని కూడా చెప్పారు. నోబెల్ బహుమతికి చాలాసార్లు ఆయన పేరు వెళ్లింది గానీ రాలేదు. సారు ఆయన తప్పులు కూడా దాచలేదు. సిగరెట్ కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని, వాళ్లకి పనికొచ్చే మాటలు చెప్పారని తరవాత బయటపడిన కాగితాల వల్ల తెలిసింది. అన్ని కష్టాలకీ శరీరం అచ్చం ఒకేలా స్పందించదని కూడా తరవాతి వాళ్లు తేల్చారు. సెల్యే 1982 అక్టోబర్ 16న మాంట్రియల్‌లో చనిపోయారు.

సెల్యే ఎక్కువగా చూసింది గ్రంథుల్ని. మెదడు సంగతి తరవాత బయటపడింది. భయం వేసినప్పుడు మెదడు కబురు పంపితే, అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను వదులుతాయి. అది రక్తంలో కలిసి మళ్లీ మెదడుకే చేరుతుంది. ఎలుకల్లో ఈ రకం హార్మోను పోయి పట్టుకునే చోటు హిప్పోకాంపస్ అని 1968లో న్యూయార్క్‌లో బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం చూపించింది. హిప్పోకాంపస్ అంటే జ్ఞాపకాలని భద్రం చేసే భాగం. క్విజ్‌లో నా నోరు పడిపోవడానికి కారణం ఇదేనన్నారు సారు. గట్టి భయంలో, తెలిసినదాన్ని బయటికి తీయడం కష్టమవుతుంది. జవాబు లోపలే ఉంది, అందుకే చాయ్ దగ్గర దొరికింది.

మన పక్కనే ఉన్న బెంగళూరులో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ఇంకో సంగతి చూపించింది. ఎలుకల్ని రోజుకి 2 గంటల చొప్పున 10 రోజులు కదలకుండా కట్టి ఉంచితే, హిప్పోకాంపస్‌లో కణాల కొమ్మలు కురచబడ్డాయి. భయాన్ని చూసుకునే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. తరవాత 21 రోజులు వాటిని హాయిగా వదిలేస్తే హిప్పోకాంపస్ కొమ్మలు మళ్లీ మామూలుగా అయ్యాయి. అమిగ్డలా మాత్రం వెనక్కి రాలేదు. ఎలుకలో చూసిందంతా మనిషికి అలాగే వర్తిస్తుందని చెప్పలేం. కానీ చదువు త్వరగా తేరుకున్నా భయం నెమ్మదిగా పోతుందని నేను గుర్తుపెట్టుకున్నాను.

రైలొచ్చింది. నేను మిర్చి ఏరబోలేదు. ఇప్పుడు పదిలో ఉన్నాను.

ఈ కథ ఇప్పుడెందుకు రాశానంటే, మన అయిదో తరగతి డార్మిటరీలో కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడు. అన్నం సగమే తింటాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు, నేర్చుకున్న ఎక్కాలు మర్చిపోతాడు. కొందరు వాడిని మొద్దు అంటున్నారు, నాటకాలు అంటున్నారు. వాడు మొద్దు కాదు. ఇంటి మీద బెంగ. మొన్నటి నుంచి నేను వాడి పక్కన కూచుని తింటున్నాను. వాళ్లింటి మేకల పేర్లు అడిగితే పదకొండు పేర్లు తడుముకోకుండా చెప్పాడు! జ్ఞాపకశక్తి లేనివాడు అలా చెప్తాడా?

ఒక్క మాట. ఒళ్లు కాలుతుంటే బెంగేలే అని వదిలేయకండి. సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. సికింద్రాబాద్‌లో రాస్ కనిపెట్టిన సంగతి మనం మరవకూడదు. జ్వరమేమీ లేకపోతే మాత్రం మందు మన దగ్గరే ఉంది. పక్కన కూచోండి, ఆటకి పిలవండి, రాత్రి లేస్తే కసురుకోకండి. మూడు వారాలకి తగ్గకపోతే ఇంకో మూడు వారాలు చూడండి, సారుకి కూడా చెప్పండి.

రేపు మధ్యాహ్నం భోజనానికి నేను తెలుగు ట్యూషన్ వల్ల ఆలస్యంగా వస్తాను. ఎవరైనా వాడి పక్కన కూచుంటారా?