ఫకీరు దొర, పట్టా లేని పొలం

స్టువార్టుపురం అనగానే తెలుగు పాఠకుడికి దొంగల కథలు, సినిమాలు గుర్తుకొస్తాయి. ఆ ఊరి పేరులోని స్టువార్టు ఎవరో, ఆ ఊరిని నిలబెట్టిన మనిషి ఎవరో, అక్కడి పొలం ఎవరి పేరు మీద సాగిందో అడిగేవారు తక్కువ. మద్రాసు నుంచి విజయవాడకు పోయే రైలుమార్గం మీద నెల్లూరు తీరాన కావలి, ఇంకా ఉత్తరాన బాపట్ల దగ్గర స్టువార్టుపురం ఉన్నాయి. రెండుచోట్లా ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి కూర్చోబెట్టారు. మా కావలి వైపు పెద్దల మాటల్లో సెటిల్‌మెంటు అనే మాట అచ్చ తెలుగు మాటలాగే దొర్లేది. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ పోయిన నాకు ఒక విచిత్రమైన జీవితం ఎదురైంది. ఆ జీవితం ఫ్రెడరిక్ బూత్-టక్కర్‌ది.

ఆయన 1853లో బీహారులోని ముంగేరులో పుట్టాడు. తాత ఈస్టిండియా కంపెనీ ఛైర్మన్‌గా పనిచేశాడు. తండ్రి కూడా ఇక్కడి సివిల్ అధికారే. ఇంగ్లండులో చదివి, సివిల్ సర్వీసు పరీక్ష నెగ్గి, 1870ల మధ్యలో పంజాబుకు ఉద్యోగిగా వచ్చాడు. అమృత్‌సర్, సిమ్లా, ధర్మశాలలలో పనిచేశాడు. శిస్తు, కౌలు, కచేరీ, పోలీసు అన్నవి ఆయనకు పుస్తకాల్లో చదివిన మాటలు కావు, రోజూ చేసిన పని. 1881లో సాల్వేషన్ ఆర్మీ పత్రిక ఒకటి ఆయన చేతికి అందింది. లండన్ మురికివాడల్లో తాగుబోతుల మధ్య, నిరుద్యోగుల మధ్య మతప్రచారం చేస్తున్న సంస్థ అది. ఆయన సెలవు పెట్టి లండన్ వెళ్లాడు, ఆ సంస్థలో చేరాడు, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. పింఛనుతో సహా అన్నీ వదులుకున్నాడు. ఆ రోజుల్లో ఐసీఎస్ వదిలి వీధిలో నిలబడిన తెల్లవాడు తోటి తెల్లవాళ్లకు పిచ్చివాడు.

1882 సెప్టెంబరులో కొద్దిమంది అనుచరులతో బొంబాయిలో దిగాడు. డప్పులు, జెండాలతో ఊరేగింపులు తీస్తే మత కలహాలు వస్తాయని పోలీసులు అడ్డుకున్నారు. అనుమతి లేకుండా వీధిలో నడిచినందుకు అరెస్టయి, జైలుకూ వెళ్లాడు. వీధి అందరిదని, ప్రజలు తమ ఇష్టం వచ్చిన చోటికి నడిచే హక్కు కలవారని ఆనాడు ఆయన వాదం. పాఠకులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. ముప్పై ఏళ్ల తరువాత ఆయన సంస్థ నడిపిన సెటిల్‌మెంట్లలో, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటిన ఎరుకలవాడు నేరస్థుడయ్యాడు.

బొంబాయి తరువాత ఆయన కాషాయం కట్టాడు, చెప్పులు విడిచాడు, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. భిక్ష ఎత్తి తిన్నాడు. సంస్థకు ఇక్కడ ముక్తిఫౌజు అనే పేరు వచ్చింది. గుజరాతులో, తిరువాన్కూరులో, తరువాత మన తీరాంధ్రలో దాని వెంట నడిచినవారు ఎక్కువగా అంటరానివారుగా ముద్రపడిన కులాల పేదలే. 1887లో మొదటి భార్య లూయిసా కలరాతో చనిపోయింది. మరుసటి ఏడు సంస్థ స్థాపకుడు విలియం బూత్ కూతురు ఎమ్మాను పెళ్లాడి, ఆమె ఇంటిపేరును తన పేరుకు ముందు చేర్చుకున్నాడు. ఆ కాలపు దొరల్లో భార్య ఇంటిపేరు పెట్టుకున్నవాడు అరుదు. వ్యక్తిగా ఆయనలో నాకు గౌరవం కలిగించే విషయాలు చాలా ఉన్నాయి, ఇదొకటి.

1890లో విలియం బూత్ ఇంగ్లండు పేదరికం మీద ఒక పెద్ద ప్రణాళిక ప్రచురించాడు. నగరంలో పనిలేనివాణ్ణి ముందు ఆశ్రయంలో పెట్టి, అక్కడి నుంచి వ్యవసాయ కాలనీకి, చివరకు సముద్రాల అవతలి భూములకు పంపడం దాని సారం. టక్కర్ వెంటనే దాన్ని భారతదేశానికి అన్వయిస్తూ మరో పుస్తకం రాశాడు. ఇక్కడి బంజర్లు ఖాళీగా ఉన్నాయి, ఇక్కడి పేదలు ఖాళీగా ఉన్నారు, రెంటినీ కలిపితే సమస్య తీరుతుందని ఆయన లెక్క. భూమి ఖాళీగా ఎందుకు ఉంది, మనిషి ఖాళీ ఎలా అయ్యాడు అన్న ప్రశ్నలు ఆ లెక్కలో లేవు.

ఆ లెక్కను ఆయన మొదట పరీక్షించింది అమెరికాలో. 1896లో దంపతులిద్దరూ అక్కడి శాఖకు అధిపతులుగా వెళ్లారు. 1898లో కొలరాడోలోని ఆర్కన్సాస్ నది లోయలో ఫోర్ట్ అమిటీ, కాలిఫోర్నియాలో ఫోర్ట్ రోమీ, ఒహాయోలో ఫోర్ట్ హెరిక్ అనే కాలనీలు వెలిశాయి. నగరాల్లోని పేద తెల్ల కుటుంబాలను ఎంపిక చేసి, వాయిదాల మీద భూమి ఇచ్చారు. పశువులకు, పనిముట్లకు అప్పు ఇచ్చారు. కుటుంబం అప్పు తీర్చుకుంటూ పోతే పొలం దానిదే. ఫోర్ట్ రోమీలో మొదటి జట్టు కరువు దెబ్బకు చెదిరిపోతే, నీటి వసతి కల్పించి 1901లో కొత్తవారిని నిలిపారు. ఫోర్ట్ అమిటీలో నీరు పారించిన కొద్దీ నేలలోని ఉప్పు పైకి తేలి పొలాలు చౌడుబారాయి. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున రైడర్ హగ్గార్డ్ అనే రచయిత ఈ కాలనీలను చూసి నివేదిక ఇచ్చాడు. ఆర్థికంగా అవి సంస్థకు నష్టమే మిగిల్చాయి. కానీ ఒక్క విషయం గమనించాలి. పొలం పండినా ఎండినా, అక్కడి సేద్యగాడు ఉదయం, సాయంత్రం హాజరు చెప్పుకోలేదు. కాలనీ నచ్చకపోతే మూట కట్టుకుని రైలెక్కాడు. అతణ్ణి వెనక్కి లాక్కొచ్చే చట్టం లేదు.

1903 అక్టోబరులో ఎమ్మా మిస్సోరీలో రైలు ప్రమాదంలో మరణించింది. టక్కర్ లండన్ తిరిగివచ్చి, 1907లో మళ్లీ ఇండియా చేరాడు. మరుసటి ఏడు గోరఖ్‌పూర్‌లో డోమ్ జాతి వారి కోసం మొదటి సెటిల్‌మెంటు మొదలైంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఉత్తరాదికే పరిమితమై ఉండేది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఒక తెగను మొత్తంగా నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు, పుట్టుక చాలు. వేలిముద్రలు తీసుకోవచ్చు, కదలికలు కట్టడి చేయవచ్చు, సెటిల్‌మెంటులో ఉంచవచ్చు, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టవచ్చు. కొన్ని నేరాలకు మూడోసారి శిక్ష పడితే యావజ్జీవ ద్వీపాంతరం. కులం అనే భావనను ఇంత నిస్సంకోచంగా శాసనంగా మార్చిన చట్టం ఆ రాజ్యంలో మరొకటి నాకు కనిపించలేదు. తండ్రి వృత్తే కొడుకు వృత్తి అని ధర్మశాస్త్రం చెప్పింది. తండ్రి నేరమే కొడుకు నేరమని ఈ చట్టం చెప్పింది.

ఎరుకలవారు దొంగలుగా పుట్టలేదు. వారిలోని శాఖల పేర్లే సాక్ష్యం: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. ఉప్పు అమ్మినవారు, కరివేపాకు మోసినవారు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవారు. తీరంలోని ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఎగువ మెట్ట ఊళ్లకు చేర్చి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. ఇసకపల్లి వంటి ఉప్పుకొటార్ల నుంచి కనుమలు దాటి ఉప్పు పోవాలంటే వారే దిక్కు. 1805లో కంపెనీ ఉప్పును గుత్తకు తీసుకుంది. బకింగ్‌హాం కాలువ పడవలు, తరువాత రైలు వారి సరకును ఎత్తుకుపోయాయి. అడవి చట్టాలు పశువుల మేతను, వెదురును మూసేశాయి. బతుకుతెరువు పోయిన తరువాత కూడా తిరుగుతూనే ఉన్నారు కాబట్టి, తిరగడమే నేరమైంది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ క్రమాన్ని దస్తావేజులతో చూపించారు. విద్యార్థులు ఆమె రచనలు చదవాలి.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ స్థాపించిన సెటిల్‌మెంటుకు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువార్టు పేరు పెట్టారు. ఈ స్టువార్టే 1891లో మద్రాసు రాష్ట్ర జనాభా లెక్కలు నడిపి కులాల పట్టికలు కట్టినవాడు. ఈయనే తరువాత భారత ప్రభుత్వ నేర గూఢచారి విభాగానికి తొలి అధిపతి. కులాల పట్టిక, పోలీసు పట్టిక, సెటిల్‌మెంటు పట్టిక ఒకే అధికారి జీవితంలో కలిశాయి. 1914లో కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ ఇంకొక సెటిల్‌మెంటు బాధ్యత తీసుకున్నాడు.

టక్కర్ అమెరికాలో చెప్పిన మాటే ఇక్కడా చెప్పాడు. మనిషికి నేల ఇస్తే నేరం పోతుంది. నేరాన్ని నయం చేసే శాస్త్రానికి క్రిమినోక్యూరాలజీ అని ఒక పేరు కూడా కల్పించాడు. కానీ ఇక్కడ నేల ఇచ్చిన తీరు వేరు. భూమి ప్రభుత్వానిది, అజమాయిషీ సంస్థది, చెమట ఎరుకలవాడిది. సాగు హక్కు నడవడిక మీద, మేనేజరు సంతృప్తి మీద ఆధారపడింది. కొలరాడోలో వాయిదాలు పూర్తయితే పొలం చేతికొస్తుంది. మన తీరంలో సత్ప్రవర్తన పూర్తయ్యే రోజు ఏదో ఎరుకలవాడికి తెలియదు. దాన్ని కౌలు అనడానికి కూడా నాకు మనసొప్పదు. మన పల్లెల్లో కౌలుదారు కనీసం పంట చేతికొచ్చాక చేను వదిలి వెళ్లగలడు.

రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వ బంజరు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, శిస్తు కడితే పట్టా వస్తుంది. నియమం అందరికీ ఒకటే. ఆచరణలో దరఖాస్తు చదివే కరణం, మునసబు ఏ కులంవారో అందరికీ తెలుసు. నెల్లూరుకు దక్షిణాన ఆనుకుని ఉన్న చెంగల్పట్టు జిల్లా కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లోనే దీన్ని నివేదించాడు. అక్కడి పరయలు భూమి కోసం అడిగితే అగ్రకుల మిరాసీదార్లు అడ్డుపడుతున్నారని, పాలేర్లు చేజారిపోతారన్న భయమే అందుకు కారణమని తేల్చాడు. ఆ నివేదిక తరువాతే అణగారిన కులాలకు బంజరు కేటాయింపు గురించి ప్రభుత్వం కదిలింది. అంటే పేద కులానికి పట్టా అనే ఆలోచన సర్కారుకు తెలియనిది కాదు. ఎరుకల కుటుంబానికి ఆ దారి తెరవకుండా, మధ్యలో ఒక మేనేజరును, హాజరు పుస్తకాన్ని నిలిపారు.

కొద్ది కాలానికే సేద్యం వెనక్కి పోయింది, కూలి ముందుకొచ్చింది. చీరాలలో పొగాకు కంపెనీకి బారన్లలో, గిడ్డంగుల్లో మనుషులు కావాలి. స్టువార్టుపురం స్త్రీపురుషులు అక్కడ కూలీలయ్యారు. సెటిల్‌మెంటు వాసి సమ్మె చేయలేడు, మరో ఊరు పోలేడు. యజమానికి ఇంతకంటే అనువైన కూలీ ఎక్కడ దొరుకుతాడు?

ఇదంతా టక్కర్ దురుద్దేశంతో చేశాడని నేను అనడం లేదు. పట్టు పరిశ్రమ, మగ్గం, యూకలిప్టస్ చెట్లు, గ్రామీణ బ్యాంకులు అంటూ చివరిదాకా ఏదో ఒక పథకంతో పరుగులు తీసిన మనిషి. ప్రభుత్వం ఆయనకు కైసర్-ఎ-హింద్ బంగారు పతకం ఇచ్చింది. ఎరుకలవారిని పోలీసు దెబ్బల నుంచి కాపాడుతున్నానని ఆయన నిజంగానే నమ్మాడు. కొందరు పిల్లలు ఆ బడుల్లో అక్షరాలు నేర్చారు, అదీ నిజమే. అయితే ఫకీరు వేషంలో తిరిగినవాడు, జైలుకెళ్లినవాడు, భూమి మనిషిని నిలబెడుతుందని నమ్మినవాడు కూడా, ఎరుకలవాణ్ణి సొంతదారుగా ఊహించలేకపోయాడు. అమెరికాలోని పేద తెల్లవాడు ఆయనకు దెబ్బతిన్న రైతు. ఇక్కడి ఎరుకలవాడు ఆయనకు రోగి.

1919లో ఆయన ఇండియా వదిలాడు. 1929లో లండన్‌లో చనిపోయాడు. సెటిల్‌మెంట్లు ఆ తరువాతా నడిచాయి. నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం, ఎరుకల కోసం, ఈ చట్టం రద్దు కోసం దశాబ్దాలు పనిచేశారు. యానాదుల మీద, సంచార జాతుల మీద ఆయన రాసిన పుస్తకాలు ఇప్పటికీ పనికొస్తాయి. మద్రాసు రాష్ట్రం 1947లో చట్టాన్ని రద్దు చేసి, మరుసటి ఏడాదే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. పేరు పట్టికలోంచి పోయింది కానీ, పొలం దానంతటదే ఎవరి పేరుకూ మారలేదు.

ఎరుకల, యానాదులు నేడు షెడ్యూల్డు తెగలు. అయితే గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా కాపాడే 1970 నాటి ఒకటో నిబంధన షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. నెల్లూరు తీరంలో గానీ బాపట్ల తీరంలో గానీ షెడ్యూల్డు ప్రాంతం సెంటు కూడా లేదు. నేరస్థ జాతిగా ముద్ర వేసినప్పుడు ఎరుకలవాడు మైదానంలో ఉన్నాడా, ఏజెన్సీలో ఉన్నాడా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అతని చేను గట్టు మీద నిలబడి అడుగుతున్నారు.