దోమ ఎదిగే రోజులు లెక్కపెట్టిన డాక్టర్



హైటెక్ సిటీ నుంచి బేగంపేట వైపు వెళ్లినప్పుడు, పాత విమానాశ్రయం దగ్గరున్న రోనాల్డ్ రాస్ భవనాన్ని మీ పిల్లలకు చూపించండి. మలేరియా గుట్టు బయటపడింది అక్కడే.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టారు. చిత్రకారుడు కావాలన్నది ఆయన కోరిక. తండ్రి మాట కాదనలేక వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. మలేరియా దోమల వల్లే వస్తుందేమోనని 1895లో సికింద్రాబాద్‌లో దోమలను కోసి చూడటం మొదలుపెట్టారు. రెండేళ్లయినా ఫలితం రాలేదు. ఆయన చూస్తున్నవి వేరే జాతి దోమలు!

1897 ఆగస్టు. ఒకటే ఉక్కపోత. గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నారు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. లార్వాల నుంచి పెంచిన దోమలతో 16న హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించారు. వెంటనే కోసిన వాటిలో ఏమీ కనిపించలేదు. నాలుగో రోజు, 20న, ఒక దోమ పొట్ట గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవి ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే, దోమ ఒంట్లో మలేరియా క్రిమి రోజురోజుకూ ఎదుగుతోందన్నమాట! 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో లండన్‌లో కన్నుమూశారు.

ఆ ఎదుగుదల వేగాన్ని నిర్ణయించేది వాతావరణంలోని వేడి అని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. దోమకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. తీవ్రమైన మలేరియా తెచ్చే క్రిమి దోమలో ఎదగడానికి 25 డిగ్రీల దగ్గర సుమారు 12 రోజులు చాలు. 20 డిగ్రీల దగ్గర మూడు వారాలు దాటుతుంది. 16 డిగ్రీల కన్నా తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. దోమ సంగతీ అంతే. గుడ్డు, లార్వా, ప్యూపా దశలు దాటి రెక్కలు రావడానికి వెచ్చని రోజుల్లో వారం, పది రోజులు పడుతుంది. చలికాలంలో ఇంకా ఎక్కువ రోజులు కావాలి. మరీ మండే ఎండలకు దోమలు చస్తాయి. అందుకే మన దగ్గర వానాకాలపు వెచ్చదనమే వాటికి అనువైన కాలం.

దోమకు వారం కావాలి కాబట్టి, మనం వారం కన్నా ముందే మేలుకోవాలి. బాల్కనీలోని కుండీల కింది పళ్లేలు, కూలర్ ట్యాంకు, మనీ ప్లాంట్ సీసా వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. డెంగీ దోమలు పెరిగేదీ ఇలాంటి చోట్లే. ఆ పని మీ పిల్లలకే అప్పగించండి. రాస్ విజయానికి గుర్తుగా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు. మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి రోజు ఏముంటుంది?